మేస్త్రి అతికించిన గాజుముక్క

ఏంటమ్మాయ్, గోడకేసి అలా కళ్లప్పగించి చూస్తున్నావ్? ఆ గాజుముక్కా? ముట్టుకోకు, ముట్టుకోకు. రంగులేసినవాళ్ల చేత కూడా దాని చుట్టూ బ్రష్షు తిప్పించాను, పక్కనే కాపలా నిలబడి మరీ. కూర్చో. పక్కింట్లోకి కొత్తగా దిగావు, నీకు తెలియాల్సిందే. అది మేస్త్రి అతికించింది. సరిగ్గా మా నెత్తిమీద, మూడో అంతస్తులో ఉండేవాడు. పోయి పదేళ్లు... కాదు, పన్నెండు. మా ఆవిడ కూరగాయలకెళ్లింది, ఉంటే తారీఖుతో సహా చెప్పేది. ఈ బ్లాకు కట్టినప్పుడు ఆయన మీసాలు మొలుస్తున్న కుర్రాడట, ఇటుకలు మోశాడు. తాపీ చేతబట్టింది ఆ తర్వాతే. ఎన్నో ఏళ్లకి లాటరీలో ఇల్లు తగిలింది, చూడు విచిత్రం, తను ఇటుకలు మోసిన బ్లాకులోనే! "దీని కడుపులో ఏముందో నాకు తెలుసయ్యా" అనేవాడు. మాటకి ముందు ఒక దగ్గు, మాటకి తర్వాత ఒక దగ్గు. మనిషి మాత్రం బంగారం.

ఈ బ్లాకు ఇప్పుడు తళతళలాడుతోంది గానీ, అప్పుడు చూసుంటే నువ్వు గుమ్మం కూడా తొక్కేదానివి కాదు. పైపులు కారేవి, బాల్కనీల్లో ఇనుము బయటపడి తుప్పు రాలేది, గోడల నిండా బీటలు. హౌసింగ్ బోర్డువాళ్లొచ్చారు. "పడగొట్టేస్తాం, మీకు ఊరి చివర ఇళ్లిస్తాం" అన్నారు. ఇరవై నాలుగు కుటుంబాలమ్మా! నేను బస్సు కండక్టర్ని, తెల్లారకముందే డిపోలో ఉండాలి. ఊరి చివరి నుంచి నన్నెవడు తెస్తాడు, నేనే మొదటి బస్సాయె! మా ఆవిడ కుట్టే బట్టలన్నీ ఈ వీధివాళ్లవే. మాకు కాళ్లూచేతులూ ఆడలేదు. మేస్త్రి ఒక్కడే బోర్డు పంపిన ఇంజనీరమ్మ వెంటపడ్డాడు. "అమ్మా, ఇవి పైపూత బీటలే, గోడ బీటలు కావు. బాగుచేయించండి, ఇంకో నలభై ఏళ్లు ఢోకా లేదు." ఆవిడ కూడా మంచిదే. కానీ కాగితం మనిషి. "నోటిమాట పనికిరాదు మేస్త్రి గారూ. పెద్ద బీటలన్నిటి మీదా గాజుముక్కలు అతికించండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఆర్నెల్లు చూస్తాను. ఒక్కటి పగిలినా పడగొట్టడమే, ఆ పైన నన్నడగొద్దు" అంది.

పదకొండు ఇళ్లల్లో పదకొండు గాజులు. రెండు చివరలా సిమెంటు ముద్ద, మధ్యలో వేలెడంత గాజు. ఇంటింటికీ తిరిగి చెప్పాడు: "ఆర్నెల్లు ఎవరూ గోడకి మేకు కొట్టకండి." అందరం తలలూపాం. అందరికంటే గట్టిగా ఊపింది నేనే.

ఇహ చూడు నా నిర్వాకం. ఐదో నెలలో డిపోవాళ్లు నాకు పాతికేళ్ల సర్వీసని గోడగడియారం ఇచ్చారు. మా ఆవిడ ఒకటే పోరు. "ఇన్నేళ్ల చాకిరీకి ఇచ్చింది అట్టపెట్టెలో పెట్టుకోవాలా? ఒక్క మేకండీ, ఒక్కటి!" గాజుకి జానెడు దూరం ఉందిగా, ఏమవుతుందిలే అనుకున్నాను. మూడు దెబ్బలు. మూడో దెబ్బకి టప్‌మంది. గాజు, మూల నుంచి అడ్డంగా చీలింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మేకు పీకేశాను, గాజు మీద క్యాలెండర్ తగిలించాను. గడియారం మళ్లీ పెట్టెలోకే. నేనూ మా ఆవిడా నెలరోజులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆర్నెల్లకి ఇంజనీరమ్మ వచ్చింది. పది ఇళ్లూ చూసింది, పది గాజులూ బాగున్నాయి. బ్లాకు బ్లాకంతా ఆవిడ వెనకే మా ఇంట్లోకొచ్చింది. ఆవిడ క్యాలెండర్ ఎత్తింది. "అయ్యో" అంది, అంతే. కింద ఇంటావిడ ఘొల్లుమంది. నేనా? రోజంతా బస్సులో గొంతు చించుకునేవాణ్ణి, ఆ రోజు మేకు చిల్లుకి వీపు ఆనించి నిలబడ్డాను. ఇంజనీరమ్మ కలం తీసి రాయబోతోంది. అప్పుడు మేస్త్రి దగ్గాడు. "ఒక్క క్షణం ఆగండమ్మా. ఇంటాయన ఏదో చెప్పాలనుకుంటున్నట్టున్నాడు."

చెప్పేశాను. ఎలా చెప్పానో నాకే తెలీదు. "నేనే కొట్టానండీ, గోడ కదల్లేదండీ, నా బుద్ధే గడ్డితిందండీ." మా ఆవిడ వెనకనుంచి "నేనే కొట్టమన్నానండీ, రాసుకోండి" అని ఏడుపు. మేస్త్రి వచ్చి మేకు చిల్లు చూపించాడు. "గోడ లాగితే గాజు బీట వెంబడే చీలుతుందమ్మా, ఇది మూల నుంచి చీలింది." ఇంజనీరమ్మ వంగి చీలిక వెంట వేలు నడిపి చూసింది. ఆఖరికి, "ఈ ఒక్క గోడకీ మళ్లీ ఆర్నెల్లు. కొత్త గాజు పెట్టండి. ఈయన దగ్గర సుత్తి లాగేసుకోండి" అంది. అందరూ ఒక్కసారి నవ్వారమ్మా. ఈ గాజు ఆ కొత్తదే. పగల్లేదు. ఆర్నెల్లు తిరిగేసరికి గోడల చుట్టూ కర్రలతో పరంజా కట్టారు, పైపులు మార్చారు, పైకప్పు సరిచేశారు. ఒక్క కుటుంబం కూడా కదల్లేదు.

పరంజా కట్టిన రోజు మెట్ల మీద కూర్చున్నాం, ఆయనా నేనూ. ఉండబట్టలేక అడిగాను, "మేస్త్రి గారూ, నేను చెప్పాలనుకుంటున్నానని మీకెలా తెలిసింది?" అని. "ఒరే తమ్ముడూ, మీ ఇంటి పైనే కదరా నా ఇల్లు. ఆ రోజు మూడు దెబ్బలూ విన్నాను" అన్నాడు. నెలరోజులు, అమ్మాయ్! నెలరోజులు తెలిసి కూడా, రోజూ ఎదురుపడి "బాగున్నావా" అనే అడిగాడు. "మరి నేను నోరు విప్పకపోయుంటే?" అన్నాను. "నేనే చెప్పేవాణ్ణి. ఇల్లు దక్కేది. కానీ రేపటినుంచి ఈ మెట్ల మీద నువ్వు తలెత్తుకుని ఎలా నడిచేవాడివిరా? అందుకే ముందు నీ చేతే చెప్పించాను" అన్నాడు.

...

ఆఁ? ఏం లేదు, ఏం లేదులే. అవునూ, మీ ఇంట్లో కుళాయి సరిగ్గా వస్తోందా?