ముప్పై ఆరో నంబరు బూటు

మాల్‌లోని మంచు హాల్లో స్కీ బూట్లు అద్దెకిచ్చే నాగన్న, కింద కూర్చుని భార్య కాలికి బూటు తొడిగాడు. ఆమె ఉండి పని చేసే అరబ్బు ఇంటి యజమానురాలు, పనివాళ్లు 'మామా' అని పిలిచే ఆవిడ, పాపను చూసుకోవడానికి ఇరవై రోజులు మంచు కొండలకు రమ్మంది. ఈరోజు మంచు మీద జారే ఆ పొడుగు పలకల మీద, స్కీల మీద, నిలబడగలిగితేనే తీసుకుపోతానంది.

"ఎట్లుండాది?"

"హాయిగా. మామా ఇచ్చే పాత చెప్పుల మాదిరే వదులుగా ఉండాది."

"అయితే నడువు."

"జారితే పడనా?"

లేవబోతున్న ఆమె కాలిని నాగన్న పట్టుకుని ఆపాడు.

"ఏందయ్యా, ఆపినావు?"

"పడతావు మే. తెలిసే ఒక సైజు పెద్దది ఇచ్చినా. మనం కలిసేదే సెలవని శుక్రవారం. మూడు శుక్రవారాలు నువ్వు లేకుంటే నేనేం చేయాల?"

"కాలు విరిగుంటే?"

"అందుకే నడవనీలేదు. తియ్యి."

చిన్న బూటు తెచ్చి, బిగించాడు.

"అమ్మో, వేళ్లు ముందర తగులుతాండాయి!"

"మోకాళ్లు వంచు."

"ఆఁ, వెనక్కొచ్చినాయి."

"మడమ లేస్తాందా?"

"లేదు. ఎవురో గట్టిగా పట్టుకున్నట్టుండాది."

"కొత్తవాళ్లకు అట్లనే ఉండాల. ముప్పై ఆరు నీది."

"పెళ్లయి పన్నెండేండ్లకు తెలిసిందా, పెద్దమనిషీ?"

అతను నవ్వి, ఆమెను మంచు మీదికి నడిపించి, బూట్లకు స్కీలు తగిలించాడు.

"చెయ్యి వదలాల్నా?"

"వదులు."

వదిలాడు. ఆమె నిలబడింది.