జయరత్నం కాంపౌండరు సెప్పిన గుద్దులాట సినిమా

ఏందమ్మా, టీవీలో ఆ గుద్దులాట? ఉండనీ, ఆపొద్దు. మీ తాత ఉండింటే కుర్చీ అంచున కూసోని సూస్తా ఉండును. నీకు ఆయప్ప గుర్తు యాడుంటాది, నువ్వు పుట్టకముందే పాయ. జయరత్నం కాంపౌండరంటే పుంగనూరు నుంచి సదుం దాకా తెలీనోళ్ళు లేరు, తెలుసునా?

స్వతంత్రం వచ్చిన మరుసటేడు. నాకు పెండ్లయి ఆర్నెల్లు. గంగాధరమని ఒకాయన పుంగనూరులో సినిమా డేరా ఏసె. ఇంగ్లీషు బొమ్మ తెచ్చినాడు, అర్థమయ్యేదెవురికి? మీ తాత మదనపల్లెలో పాదర్ల మిషను బడిలో సదివినోడు కదా, "నువ్వే నిలబడి కత సెప్పల్లప్పా" అని కాళ్ళావేళ్ళా పడె. ఈయన తెర పక్కన రేకు బూర పట్టుకోని నిలబడె. నేను ఆడోళ్ళ పక్క, నేల మీద. నా మొగుడు సెప్తా ఉంటే ఊరంతా నోరు తెరుసుకోని ఇంటాండాది, నాకు ఎంత మురుపో!

కత ఏందంటే, ఇద్దరు గుద్దుకుంటా ఉంటారు. ఒకడు ఉన్నట్టుండి పడి సచ్చిపోతాడు. దెబ్బకు కాదంట, ఎవురో విషం పెట్టినారంట. గోదా మూల ఒక ముసలాయన, దూదితో నెత్తురు తుడిసి, బుడ్డీతో నీళ్ళు తాపుతా ఉంటాడు. ఆయన్ని సూడంగానే మీ తాతకు పానం లేసొచ్చె. "సూడండి, ఈయనా మా మాదిరి కాంపౌండరే! దేవుడట్లా మనిసి. ఈయన మీద మాత్రం అనుమానం పడొద్దండి" అని మొదుట్నించీ బూరలో ఒకటే అరుపు. మందిచ్చే సెయ్యి పానం తియ్యదని ఆయప్ప నమ్మకం. కడాకు సూస్తే ఆ ముసలోడే! ఆ బుడ్డీలోనే విషం! వాడే ఇంగ్లీషులో ఒప్పుకుంటాండాడు.

అప్పట్లో జనాలకి మిషను ఆస్పత్రి మందంటే శానా భయమమ్మా. మూడేండ్లు ఈయన ఇల్లిల్లూ తిరిగి బతిమలాడితే అప్పుడప్పుడే వస్తాండ్రి. కాంపౌండరే విషం పెట్నాడంటే రేపు ఎవురొస్తారు? గంగాధరం ఈయన సెవిలో గొణిగినాడంట, ఇంటికొచ్చినాక ఈయనే నాకు సెప్పె, "ఇంగెవురో సంపినారని సెప్పేయప్పా, ఇంగ్లీషు తెలిసినోడు ఈడ నువ్వు దప్ప ఎవురుండారు" అని. ఈయన బూర దించె. మళ్ళా ఎత్తి, "నేను సెప్పింది తప్పు. సంపింది ఆ కాంపౌండరే. నన్ను మన్నించండి" అనె.

పొద్దున్నే ఆస్పత్రి అరుగు మీద పిట్ట లేదు. "నీ నిజం కొంప ముంచె కదా" అని నేను తిట్టినాను కూడా. బాగా ఎండెక్కినాక బయ్యమ్మని ఒక సేద్యగాళ్ళ ముసల్ది, మనమరాల్ని సంకనేసుకోని వచ్చె. ఆమెది సదుం, సుట్టాలింటికొచ్చి ఆమె కూడా డేరాలో కూసోనుండిందంట. పిల్ల జొరంతో కాలిపోతాండాది. "నీకు భయం లేదామ్మా?" అంటి నేను, నోరు ఊరుకోక. ఆమె నన్ను కొరకొరా సూసి, "యాల భయం? అంతమంది ముందర తప్పు సెప్పినానని ఒప్పుకున్నాడే. తప్పు మందిచ్చినా నా దెగ్గర దాయడులే" అని, మీ తాత దిక్కు తిరిగి, "తాపు నాయనా" అనె.

తాపినాడు. తాపి, అట్ల మాకు మొగం కనపడకుండా గోడపక్క తిరుక్కోని బుడ్డీ కడగబట్టె. కడిగిందే కడగతాండాడు, కడిగిందే కడగతాండాడు...

సరే, లెయ్యి. కూడు తిందువు.