కంచె మేడం, పడమటి పల్లం

అధ్యక్షస్థానంలో ఉన్న ఎడారి భూముల శాఖ పెద్దాఫీసరు గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, వెనక వరుసల్లో ఫ్యాన్ల కింద చోటు పట్టుకున్న తెలివైన మిత్రులకు, ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో పన్నెండేళ్లు నా ప్రాణం తోడేసి ఇవాళ హాయిగా రిటైరై ఇంటికి వెళ్లిపోతున్న మేడం గారికి నమస్కారం. (నవ్వులు) నేను గొర్రెల కాపరిని. నాకు ఐదు నిమిషాలిచ్చారు. ఇంతమందితో ఒక్కసారిగా మాట్లాడడం నాకు గొర్రెల దగ్గరే అలవాటు, అవి మధ్యలో గడియారం చూసుకోవు, కాబట్టి టైము దాటితే మొహమాటపడకుండా చొక్కా పట్టుకుని లాగండి.

మేడాన్ని పొగడడానికి నన్ను పిలవాలన్న ఆలోచన ఎవరిదో గానీ వాళ్ల ధైర్యానికి దణ్ణం పెట్టాలి. ఆమె మీద ఈ ఆఫీసుకు వచ్చిన ఫిర్యాదుల్లో సగం నావి. మిగతా సగం మోటారుసైకిళ్ల పందేలవాళ్లవి, వాటిక్కూడా మాటలు అందించింది నేనే. (నవ్వులు) గొడవంతా పడమటి పల్లం గురించి. అది ప్రభుత్వ భూమి, నాలుగు చినుకులు పడితే మోకాలెత్తు గడ్డి లేస్తుంది, మా తాతల నాటి నుంచి మా మందలు అక్కడే మేసేవి. ఎడారి తాబేళ్లు అక్కడ అంతరించిపోతున్నాయని, మందలు వద్దు, బళ్లు వద్దు అని పన్నెండేళ్ల కిందట మేడం ఆ పల్లాన్ని మూయించారు. ఆ ఆర్డరు గడువు ఈ నెలాఖరుతో తీరిపోతుంది. ఈలోగా తాబేళ్లకు పిల్లలు పుట్టి బతుకుతున్నట్టు తేలితే మూసే ఉంచుతారు, తేలకపోతే తెరిచేస్తారు. తెరిచిన రోజు మొదట లోపలికి దూరేది నా మందే. ఈ హాల్లో పల్లం తెరుచుకోవాలని అందరికన్నా గట్టిగా కోరుకునేవాణ్ని నేనేనని గుర్తుపెట్టుకుని నా మాటలు వినండి.

మూయించడమంటే బోర్డు పాతి ఊరుకోలేదు ఈవిడ. తాబేళ్లు రోడ్డెక్కి లారీల కింద పడుతున్నాయని, రోడ్డు పొడవునా మోకాలెత్తు వలకంచె వేయించారు, కింద తవ్వుకుని పోకుండా దాని అంచును జానెడు లోతున పాతించారు. అప్పటినుంచి ఆమె మాకు కంచె మేడం. మేం ఆఫీసు ముందు మూడు రోజులు కూర్చున్నాం, మేడం రోజూ మమ్మల్ని దాటుకుంటూ లోపలికి వెళ్తూ, నీళ్లు తాగుతున్నారా లేదా అని అడిగేవారు. తిట్టడానికి గొంతు తడిగా ఉండాలి కదా అని ఆ నీళ్లు తాగాం.

ఆ ఎండాకాలం ఒకరోజు నేను కంచె వెంట నడుస్తున్నాను. ఎందుకు నడుస్తున్నానో దాచడం దేనికి, గొర్రెల కాళ్లు వలలో చిక్కుకోకుండా మందను తోలడానికి సందు దొరుకుతుందేమోనని. సందు దొరకలేదు గానీ ఒక తాబేలు కనిపించింది. కంచె పక్కనే ఆ చివరి దాకా పోతోంది, మళ్లీ వెనక్కి వస్తోంది, మళ్లీ పోతోంది. దాని కాళ్లకింద నేల కాలిబాటలా నలిగిపోయి ఉంది. రోడ్డు పుట్టకముందు నుంచీ అది అటువైపు వెళ్లే దారి, ఇప్పుడు అడ్డం వల ఉందని దానికెవరు చెప్పాలి? నీడ లేదు, మిట్టమధ్యాహ్నం. ఇంకొంచెం దూరం పోయేసరికి ఒకటి చచ్చిపడి ఉంది. ఆ తర్వాత ఇంకోటి. మొత్తం తొమ్మిది.

మీ ముందు నిజం చెప్తున్నాను, నాకు ఆ రోజు సంతోషం వేసింది. కంచె మేడం దొరికిపోయిందనుకున్నాను. రెండు డిప్పలు గోనెసంచిలో వేసుకుని ఆఫీసుకెళ్లి, అందరూ చూస్తుండగా ఆమె బల్ల మీద కుమ్మరించి, మీరు కాపాడింది వీటినేనా అని అడిగాను. ఆమె కోప్పడతారని ఎదురుచూశాను, కోప్పడితే తిరిగి అనడానికి దారిలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె ఆ డిప్పల మీద చెయ్యి పెట్టి, ఒక్కోదాన్నీ తిప్పి చూశారు. తర్వాత, ఎక్కడో చూపించండి అని లేచారు. ఆ ఎండలో కంచె ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాం, మిగతా ఏడింటినీ చూశారు. సాయంత్రం జీపెక్కబోతూ అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "కంచె ఎక్కడ వెయ్యాలో మ్యాపులో చూశాను గానీ, వాటి దారులెక్కడో అడగలేదు. మీకు తెలుసా?"

తెలుసు. ముప్పై ఏళ్లు గొర్రెల వెనకాల తలొంచుకుని నడిచినవాడికి నేల మీద ఎవరు ఎటు పోతారో తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ ముప్పై ఏళ్లలో నాకు తెలిసింది పనికొస్తుందని అడిగిన ఆఫీసరు ఈవిడ ఒక్కరే. (చప్పట్లు) చప్పట్లు తర్వాత, ఇంకా ఉంది. పైవాళ్లు రిపోర్టులో వడదెబ్బ అని రాయమన్నారట. ఈవిడ, కంచె వల్ల చనిపోయాయి, పొరపాటు నాది అని రాశారు. అందుకే రావాల్సిన ప్రమోషన్ మూడేళ్లు ఆగింది. ఇది ఆమె నాతో చెప్పలేదు, ఇదిగో ఈ మూలన కూర్చున్న జీపు డ్రైవరు చెప్పాడు, నువ్వు తల దించుకోకు నాయనా, ఇవాళ ఎలాగూ ఆమె నిన్నేమీ చెయ్యలేరు. (నవ్వులు)

ఆ తర్వాత నేను దారులు చూపించడం, ఆమె పనివాళ్లతో కంచె పక్కన సగానికి కోసిన గొట్టాలు నీడకోసం బోర్లించడం, రోడ్డు కింది తూములకు వలను మళ్లించి తాబేళ్లు అటూ ఇటూ పోయేలా చెయ్యడం, రెండు నెలలు పట్టింది. మరుసటి ఎండాకాలం కంచె పక్కన ఒక్కటీ చావలేదు. సంబరంగా వెళ్లి, మేడం, ఇంత చేశాను కదా, నా మందను ఒక్క పదిరోజులు పల్లంలోకి వదలండి అన్నాను. ఆమె నాకు టీ తెప్పించి, బిస్కట్లు పెట్టి, కుదరదన్నారు. (నవ్వులు)

మా ఇంట్లో కూడా ఆమెదే రాజ్యం. తాబేలు పిల్ల డిప్ప మన గోరులా పలచగా, మెత్తగా ఉంటుందట, బొంతకాకి ఒక్క పోటు పొడిస్తే చాలట, ఆ కాకులు పెరుగుతున్నది మన చెత్త తినేనట. ఇది చెప్పడానికి ఒకరోజు మా చెత్తడ్రమ్ముకు మూత పట్టుకుని వచ్చారు. మా ఆవిడకు ఆ మూత తెగ నచ్చింది. ఆ రోజు నుంచి ఆమెను వదినా అని పిలవడం మొదలుపెట్టి, నన్నొక మాటైనా అడక్కుండా నాకో అక్కను తెచ్చిపెట్టింది.

ఇక ఈ సంవత్సరం సంగతి. తాబేలు పిల్లల కోసం నాలుగుసార్లు వెతికారు, వరసకట్టి పల్లమంతా నడిచారు, పెద్ద తాబేళ్లే తప్ప పిల్ల ఒక్కటీ కనబడలేదు. మొన్న మేడం మా ఇంటికొచ్చి, నెలాఖరుకు పల్లం తెరుస్తారండీ, మందను ఒక్కసారే తోలకండి, గడ్డి నాలుగు కాలాలుండాలి అని నాకే జాగ్రత్తలు చెప్పి వెళ్లారు. గేటు దగ్గర ఆగి కళ్లు తుడుచుకోవడం మా ఆవిడ చూసింది. నేను చూడనట్టు మంద దగ్గరికి వెళ్లిపోయాను.

మంచినీళ్లిస్తారా? ఆఁ, చాలు.

ఇవాళ పొద్దున్నే పల్లానికి వెళ్లాను. తెరిచాక మందను ఎటునుంచి తోలాలో చూసుకుందామని. నిన్న జల్లు పడింది కదా, రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచాయి. ఒక పొద కింద గుంట దగ్గర, అగ్గిపెట్టెంత ఉంటుంది, ఒకటి తలొంచి నీళ్లు తాగుతోంది. రాయేమో అనుకున్నాను, రాయి నీళ్లు తాగదు కదా, తాబేలు పిల్ల అది. పక్కన ఇంకోటి. పొద వెనకాల మూడోది, ఇంకొంచెం పెద్దది, ఏడాదో రెండేళ్లో ముందు పుట్టినది అయ్యుండాలి. అంటే పుడుతున్నాయి, పుట్టి బతుకుతున్నాయి కూడా! నేను ముట్టుకోలేదు మేడం, ముట్టుకుంటే భయపడి ఒంట్లో నీళ్లన్నీ వదిలేస్తాయని మీరే చెప్పారు. బోర్లా పడుకుని గంటసేపు చూశాను. ఇదిగో, చొక్కా మీది ఈ మట్టి అక్కడిదే.

ఇంటికొచ్చి, చెప్పకపోతే పల్లం మనది, చెబితే ఎప్పటికీ కాదు, ఏం చెయ్యమంటావని మా ఆవిడ్ని అడిగాను. "నాకు మైకంటే భయం. నువ్వు చెప్పకపోతే మాత్రం ఆ భయం కూడా చూడకుండా నేనే చెప్తా" అంది. ఆమె భయపడాల్సిన అవసరం లేకుండా చేశాను, అంతే.

పెద్దాఫీసరు గారూ, నా మందకు వచ్చే ఏడాది గడ్డి ఎక్కడిదో నాకు తెలియదు, దాని గురించి రేపు మీ ఆఫీసుకొస్తాను, నా నోరు సంగతి విన్నారుగా, సిద్ధంగా ఉండండి. కానీ మీ ఫైల్లో పిల్లలు లేవని ఉన్నది తప్పు, ఒక గొర్రెల కాపరి చూశాడని ఇవాళే రాయండి. నా మాట చాలదంటే బయట మీ జీపుంది, పల్లం ఎంతో దూరం లేదు, పొద్దుగూకడానికి ఇంకా రెండు గంటలుంది.

మేడం, మీ గురించి ఇంకా చాలా చెప్పాలని రాసుకొచ్చాను. మీమీద కోపంతో గడిపిన ఏళ్లు తలుచుకుంటే సిగ్గేస్తుందని, మీరు వెళ్లిపోతే పోట్లాడడానికి మనిషి లేక దిక్కుతోచదని... అయ్యో, మేడం అప్పుడే మెట్లు దిగేశారు. పూలగుత్తి కుర్చీలోనే వదిలేశారు. అమ్మా, చెప్పులైనా వేసుకోండి, ముళ్లుంటాయి! డ్రైవరు బాబూ, పరుగెత్తు, జీపు తియ్యి. పిలిచినవాళ్లకు, ఓపిగ్గా విన్నవాళ్లకు అందరికీ కృతజ్ఞతలు. ఆ పొద ఎక్కడుందో నాకొక్కడికే తెలుసు, నేను కూడా వెళ్లాలి. సెలవు.