కుడికాలు దాచిన మనిషి

నా వయసు ముప్పై తొమ్మిది. రెడీమేడ్ బట్టల కార్ఖానాలో పదిహేనేళ్లు కటింగ్ మాస్టరుగా పనిచేశాను. ఎస్సై గారు అడిగిన మీదట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

పోయిన ఏడాది మార్చిలో కార్ఖానా గేటు దగ్గర లారీ వెనక్కి వస్తూ నా కుడికాలి మీదుగా పోయింది. మోకాలి కింద తీసేశారు. ఎనిమిది నెలలు మంచం మీదే ఉన్నాను. మా ఆయనకు గ్యాస్ పొయ్యిలు బాగుచేసే దుకాణం ఉంది. అది మూసుకుని మరీ నాకు చేశాడు. ఒళ్లు తుడిచాడు, తల దువ్వాడు, బాత్రూముకు ఎత్తుకెళ్లాడు. అబద్ధం చెప్పను. చూడవచ్చిన వాళ్లంతా "దేవుడమ్మా మీ ఆయన" అన్నారు. అందరూ అన్నారు. వాళ్లను సాగనంపడానికి ఆయన వీధి చివరిదాకా వెళ్లేవాడు.

తర్వాత ఆసుపత్రిలో పెట్టుడుకాలు ఇచ్చారు. రెండు కడ్డీల మధ్య నడక నేర్పే మేడమ్ దగ్గరికి నాలుగు నెలలు వెళ్లాను. మొదట్లో చర్మం లేచిపోయి రక్తం కారేది. "ఏడిస్తే ఏడువు గానీ ఆగకు" అనేది ఆవిడ. ఏడుస్తూనే నడిచాను. ఒకరోజు ఒక్కదాన్నే బజారుకెళ్లి ఉల్లిపాయలు తెచ్చాను. మా ఆయన సంచిలోకి చూసి, "అన్నీ కుళ్లినవే ఏరావు" అన్నాడు. ఒక్కటీ కుళ్లలేదు.

ఈరోజు సోమవారం. తొమ్మిదింటికి కార్ఖానాకు రమ్మన్నారు. నాలుగు గంటలు బల్ల దగ్గర నిలబడి గుడ్డ కోయగలిగితే నా పని నాకిస్తానని ఓనరు చెప్పాడు. ఆరున్నరకు లేచి చూస్తే మంచం పక్కన కాలు లేదు. చంకకర్రలూ లేవు. తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉంది. ఎనిమిదింటికి నా కేకలు విని పక్కింటామె గొళ్లెం తీసింది. "నీ మంచికేనేమో వదినా" అంది.

కార్ఖానా దూరం. స్టేషను మూడు వీధుల అవతల. గోడలు పట్టుకుని గెంతుతూ, గోడ లేనిచోట కూర్చుని జరుగుతూ, తొమ్మిదీ పదికి ఇక్కడికి చేరాను. "ఏం పోయిందమ్మా?" అన్నాడు కానిస్టేబుల్. కాలు అన్నాను. కిందికి చూసి, "అది కనబడుతూనే ఉందిగా" అన్నాడు.

ఎస్సై గారు ఫోన్ చేస్తే, పదకొండింటికి మా ఆయన గోనెసంచిలో కాలు తెచ్చాడు. బూటు దానికే ఉంది.

"పడిపోతుందేమోనని భయం సార్. కంటికి రెప్పలా చూసుకుంటున్నా."

"నేను పడటం ఎప్పుడు చూశావు?" అన్నాను.

ఆయన గోనెసంచి మడతపెట్టాడు. తర్వాత, "నాలుగు నెలల్నించి నన్ను ఒక్కసారైనా పిలిచావా?" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి నిజమైన కన్నీళ్లే. నాకు అందుకే ఎక్కువ భయమేసింది.

పదకొండున్నరకు ఇక్కడి ఫోన్ నుంచే ఓనరుతో మాట్లాడాను. తొమ్మిదిన్నరదాకా చూసి వేరే మనిషిని పెట్టుకున్నాడట. "ఆలూమగలన్నాక సర్దుకుపోవాలమ్మా" అన్నారు ఎస్సై గారు. నేను సర్దుకోను. మా ఆయనతో ఆ ఇంటికి వెళ్లను.

ఇదంతా రాసి నాకు చదివి వినిపించారు. 'దొంగిలించిన వస్తువు' అన్నచోట ఆపించాను. వస్తువు కొట్టేయించి, కాలు అని రాయించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, జరిగినదే ఉంది. ఒప్పుకుని నిలబడి సంతకం చేస్తున్నాను.

(సంతకం)