బీరువా తాళంచెవి

పంతొమ్మిది వందల డెబ్బై మూడు, మార్చి పదమూడు, మంగళవారం. పొద్దుటినుంచీ సన్నటి జల్లు. ఆగి చావదు, గట్టిగా కురవదు. గొడుగు వేస్తే నవ్వుతారు, వెయ్యకపోతే తడుస్తావు. తేదీ ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందనా? చెప్తాను, ముందు ఆ ఫారం బల్ల మీద పెట్టు. 'కుటుంబంలో ఎవరి తుపాకీ లైసెన్సయినా రద్దయిందా' అని ఉంది, అంతేగా? రిజర్వు సైన్యంలో చేరే పిల్లకి తాతల గొడవ ఎందుకో! 'మీ తాతయ్యది రద్దయింది, ఎందుకో మా మేనమామనడుగు' అని మీ అమ్మ నా మీదకి తోసిందన్నమాట. కూర్చో. ఆ కుర్చీ కాదమ్మాయ్, దాని కాలు ఊగుతుంది.

మీ తాతయ్య, అంటే మా అక్క మొగుడు, నాకు బావ, తాళాల పనివాడు. సైన్యం నుంచి వచ్చేశాక రిజర్వులో, అంటే పిలిస్తే మళ్లీ వెళ్లాల్సినవాళ్లలో, ఉన్నాడు. తలుపు వెనక మేకుకి సంచి ఎప్పుడూ వేలాడుతుండేది. రెండు జతల మేజోళ్లు, సూదీ దారం, సబ్బు, పాలిష్ పెట్టిన బూట్లు. మా అక్క 'ఎవరు పిలుస్తారండీ మిమ్మల్ని' అంటే, 'పిలిచాక వెతుక్కోకూడదే' అనేవాడు. ఆ బూట్లు మీ పెద్దమావయ్య ఒకసారి ఆటకి తొడుక్కుని... అది వేరే కథలే, బాగా తన్నులు తిన్నాడు. ఏం చెప్తున్నాను? ఆఁ, తుపాకీ. అప్పట్లో రిజర్వువాళ్ల తుపాకీ ఇంట్లో ఉండేది, బోల్టు మాత్రం లైసెన్సుల ఆఫీసులో ఇనప బీరువాలో ఉండేది. బోల్టంటే వెనకనుంచి గుండుని లోపలికి నెట్టి బిగించే ముక్క. అది లేకపోతే తుపాకీ చేతికర్రే. సైరన్ మోగితే అందరూ ఆఫీసుకొచ్చి, సంతకం చేసి, ఎవరి బోల్టు వాళ్లు తీసుకోవాలి. పెద్ద బుర్రలు కూర్చుని వేసిన పథకం. బీరువాకి తాళంచెవి ఒక్కటే. అది గుమాస్తా దగ్గర.

ఆ గుమాస్తాని నేనే. నవ్వకు. బి.ఏ. పాసయ్యి ఏడాది కాలేదు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. మధ్యాహ్నం సైరన్ మోగింది. సరిహద్దులో గొడవలని నెలరోజులుగా వింటున్నాం కదా, నిజమే అనుకున్నాను. నా పనేమిటి? కుర్చీలో కూర్చుని బోల్టులు ఇవ్వడం. నేనేం చేశాను? వెనక తలుపులోంచి దూరి, కదులుతున్న బస్సు ఎక్కేశాను. అవునమ్మా, పారిపోయాను. ఇంకెలా చెప్పమంటావు? మూడు స్టాపులు దాటాక టికెట్టు కోసం జేబులో చెయ్యి పెడితే తాళంచెవి తగిలింది. దిగలేదు. ఇంకా రెండు స్టాపులు వెళ్లాను.

అక్కడ ఆఫీసు ముందు నలభైమంది, బోల్టులేని తుపాకులు భుజాన వేసుకుని వానలో నిలబడ్డారు. బేకరీవాడు అరుస్తాడు, 'ఒరేయ్, శత్రువొస్తే దీంతో రొట్టెలు తిప్పమంటావా' అని. అందరూ బావ మీద పడ్డారు, 'నువ్వు తియ్యవయ్యా' అని. బావ 'ప్రభుత్వం తాళం, చెయ్యి వెయ్యను' అన్నాడు. అరగంట ఆగాడు. నా బల్ల సొరుగు లాగి చూశాడు, కాగితాలన్నీ ఎత్తి చూశాడు, చెవి లేదు. అప్పుడు తాళాలు తీసే తీగల కట్ట బయటికి తీసి, నువ్వు గ్లాసుడు నీళ్లు తాగేలోపు బీరువా తెరిచాడు. ఒక్కొక్కడి చేతా రిజిస్టరులో సంతకం పెట్టించి మరీ బోల్టులు పంచాడు. సాయంత్రం జీపులో ఒక అధికారి వచ్చి, 'ఇదంతా పరీక్ష, ఇళ్లకి వెళ్లండి' అన్నాడు.

వారానికి విచారణ. 'తాళంచెవి ఎక్కడుంది?' అని నన్నడిగారు. 'సొరుగులోనే ఉంది సార్, నేను పక్క గదిలో ఫైళ్లు సర్దుతున్నాను, అడిగితే ఇచ్చేవాణ్ణి' అన్నాను. బావ నా వంక చూశాడు. సొరుగు వెతికిన మనిషి కదా, తెలుసు. ఒక్క మాట అనలేదు. 'సొరుగులో చెవి లేదు' అని ఉంటే నా ఉద్యోగం పోయేది, మా అక్క ఏడ్చేది. చెవి ఉండగా ప్రభుత్వం తాళం తీగతో తీశాడని బావ లైసెన్సు రద్దు చేశారు, రిజర్వులోంచి పేరు కొట్టేశారు, తుపాకీ పట్టుకుపోయారు. ఆ సాయంత్రం వెళ్తే బావ గుమ్మంలో కూర్చుని బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. 'రారా, కాఫీ తాగుతావా' అన్నాడు. అంతే. బతికున్నన్నాళ్లూ ఆ సంచి మేకు దిగలేదు.

'అవును' అనే టిక్కు పెట్టు. పక్కన కారణం రాయడానికి గీత ఉందా? నేను చెప్పింది చెప్పినట్టు రాయి, సొరుగు సంగతి కూడా. కింద నేను సంతకం పెడతాను. ఉండు, కళ్లజోడు... ఇక్కడే ఉండాలి. ఆఁ. బావ పోయేముందు చివరి నెలలో మూడుసార్లు వెళ్లాను, చెప్పేద్దామనే. ప్రతిసారీ ఆయనే వేరే మాట ఎత్తేవాడు. పోయాక చూస్తే అన్నీ చీటీ మీద రాసిపెట్టాడు. షాపు మీ పెద్దమావయ్యకి, ఇల్లు చిన్నమావయ్యకి, తీగల కట్ట మా అక్కకి, సంచి మీ అమ్మకి. నా పేరు లేదు. రెండోవైపు తిప్పి కూడా చూశాను.