నూట నలభయ్యో పేజీ

నా భార్య సుగుణ పోయిన రోజు ఒక సస్పెన్స్ నవల ఆమె దిండు పక్కనే ఉండిపోయింది. నెల తర్వాత ఇబ్రహీంపట్నం లైబ్రరీలో వాపసు ఇవ్వబోయాను. లైబ్రేరియన్ అమ్మాయి అందుకుంది.

“సార్, దీని మీద మస్తు లొల్లి. ఇందుల ఆడ పోలీసు ఒక్కతే గుట్టలల్లకు పోవుడేందని మొగోళ్లంటరు.”

“ఆడోళ్లో?”

“పోతే పోయింది, అంత ఉరికినా జడెందుకు చెదరలేదంటరు. సగంమంది అట్ట మీది బొమ్మ చూసే కొట్లాడుతున్నరు. అక్క ఏమన్నది?”

“అంచుల్ల పెన్సిల్‌తో రాసింది. చూడమ్మా.”

“‘తొంభై పేజీలాయె, ఈ పిల్ల ఇంకా బువ్వ తినలే.’ ‘నూట నలభై. ఎవరన్న జర చాయన్న పొయ్యుండ్రి.’ నవ్వొస్తున్నది సార్! తర్వాత ఏం రాయలేదే?”

“అక్కడిదాకనే చదివింది.”

“...రాతలుంటే వాపసు తీసుకోవద్దని రూలున్నది సార్. రబ్బరిస్త, చెరిపి తెండ్రి.”

రబ్బరు ఇంటికి తెచ్చుకున్నాను. ఒక్క అక్షరమూ ఇంకా చెరపలేదు.