73939133లో మొదటి అంకె

లెక్కల మాస్టర్లు ఎనిమిదిమందిలో ఒకరిని తీసెయ్యాలి. వాళ్ళలో అందరికంటే ముందు చేరిన పెద్ద మాస్టారు బోర్డు మీద 73939133 వేసి, ఒకప్పటి తన శిష్యురాలైన ప్రిన్సిపాల్ వైపు తిరిగారు.

"ఇది ప్రధాన సంఖ్యమ్మా. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితో భాగించినా శేషం మిగుల్తుంది. చివర్నుంచి ఒక్కో అంకే చెరుపుకుంటూ రా, మిగిలిందీ అంతే. చివర చేరినవాణ్ణి పంపించెయ్."

"అతనికి నెలల బిడ్డ, మాస్టారూ."

"అంకెలకి బిడ్డలుండరు."

"మొదటి ఏడు చెరిపితే?"

ఆయన మనసులోనే లెక్క కట్టారు. "పదకొండుతో శేషం లేకుండా తెగిపోతుంది. మొదటిదాన్ని కదపకూడదు."

"జీతం ఎక్కువ కూడా మొదటిదానికే." ఆమె డస్టర్ అందుకుని ఏడు చెరిపేసింది. "రేపట్నుంచి మీరు రావక్కర్లేదు."

"ఇంట్లో మా ఆవిడ మంచాన పడి ఉంది, తల్లీ."

"అంకెలకి పెళ్ళాలూ ఉండరు, మాస్టారూ."